ఏకశిల గుట్ట మీద యోసెమిటీ ఆకాశం ఎందుకు రాలేదు

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట చుట్టూ రెండు రోజులు తిరిగి 200కు పైగా ఫోటోలు తీశాను. ఒక్కటీ అనుకున్నట్టు రాలేదు. నా మనసులో ఉన్నది ఆన్సెల్ ఆడమ్స్ అనే ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ 1927లో అమెరికాలోని యోసెమిటీ లోయలో తీసిన హాఫ్ డోమ్ అనే బండ కొండ ఫోటో. దాదాపు నల్లగా మారిన ఆకాశం, దాని ముందు నిట్టనిలువుగా లేచిన బండ. నా కెమెరాలో పడింది మాత్రం బూడిద రంగు గుట్ట, దాని వెనక ఇంకాస్త లేత బూడిద రంగు ఆకాశం. బ్లాక్ అండ్ వైట్‌కు మార్చాను, కాంట్రాస్ట్ పెంచాను, ఆకాశాన్ని బలవంతంగా నల్లగా చేస్తే గుట్ట అంచు వెంట తెల్లటి గీత పడి, చుక్కలు చుక్కలుగా నాయిస్ లేచి, ఎవరో కత్తిరించి అతికించినట్టు కనిపించింది.

మాది హనుమకొండ, నేను ఫోటోగ్రఫీ చదువుతున్నాను. మా కోర్సులో ఒక ప్రాజెక్టు ఉంటుంది. నచ్చిన ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్లను ఎంచుకుని, వాళ్ళ ప్రేరణతో సొంతంగా ఫోటోలు తీయాలి, ఎందుకలా తీశామో రాయాలి. వినడానికి తేలికే. నేను మాత్రం ఆ 'ప్రేరణ' అనే మాట దగ్గరే చాలా కాలం ఇరుక్కుపోయాను. ఒకరి శైలి నుంచి మనం తీసుకునేది అసలు ఏమిటి? వాళ్ళ ఫోటో చూడ్డానికి ఎలా ఉందో అదా, తీసే ముందు వాళ్ళు ఏం ఆలోచించారో అదా, వాళ్ళ చేతిలో ఉన్న సామానా, వాళ్ళు నిలబడ్డ చోటా? ఇవన్నీ కలిసిపోయి మన కంటికి ఒకే ముద్దగా కనిపిస్తాయి, దానికే శైలి అని పేరు పెట్టేస్తాం. విడదీసి చూస్తే తప్ప ఏది వరంగల్ దాకా మన వెంట వస్తుందో, ఏది అక్కడే ఆగిపోతుందో తెలియదు.

ముందు ఆ హాఫ్ డోమ్ ఫోటో సంగతే చూద్దాం. ఆ రోజు ఆడమ్స్ బరువైన కెమెరా, ఫిల్మ్ బదులు వాడే గాజు ప్లేట్లు మోసుకుంటూ మంచులో పైకి ఎక్కాడు. దారిలో వాడినవి వాడగా, పైకి చేరేసరికి రెండే ప్లేట్లు మిగిలాయి. మొదటిది పసుపు ఫిల్టర్ పెట్టి తీశాడు. తీసిన వెంటనే ఆయనకు అర్థమైంది, ఇందులో ఆకాశం లేతగా పడుతుందని, ఆ బండ ముందు నిలబడినప్పుడు తన లోపల కలిగిన గగుర్పాటు ఇందులో రాదని. చివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఎరుపు ఫిల్టర్ నీలం కాంతిని ఆపేస్తుంది, అందుకే నీలాకాశం ప్రింటులో నల్లబడుతుంది. షట్టర్ నొక్కే ముందే ప్రింటు ఎలా ఉండాలో మనసులో చూసుకోవడం అని ఆయన తర్వాత జీవితమంతా నేర్పిన పద్ధతికి మొదటి అడుగు అదే.

నేను ఈ కథ ముందే చదివాను, చదివి కూడా తప్పు చోటే పట్టుకున్నాను. ఆడమ్స్ నుంచి తీసుకోవాల్సింది నల్ల ఆకాశం అనుకున్నాను. నల్ల ఆకాశం రావాలంటే ముందు అక్కడ నీలాకాశం ఉండాలి. సియెరా నెవాడా కొండల్లో, అంత ఎత్తులో, ఆ గాలిలో అది ఉంటుంది. మన ఏప్రిల్ ఆకాశం నీలం కాదు, తెలుపు. ఎండకు లేచిన దుమ్ము, గాలిలోని తేమ కాంతిని అన్ని రంగుల్లోనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి, కాబట్టి ఎరుపు ఫిల్టర్‌కు వేరు చేసి ఆపడానికి ఏమీ దొరకదు. సాఫ్ట్‌వేర్‌లో నీలం స్లైడర్ తగ్గించినా అంతే, లేని నీలాన్ని అది ఎక్కడి నుంచి తగ్గిస్తుంది?

అదే గుట్ట దగ్గరికి సెప్టెంబర్‌లో మళ్ళీ వెళ్ళాను. రెండు రోజులు వాన కొట్టి మూడో రోజు పొద్దున తెరిపిచ్చింది, ఆకాశం కడిగినట్టు ఉంది. ఈసారి రా ఫైల్‌లో (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే అసలు ఫైల్) నీలం కొంచెం తగ్గించగానే ఆకాశం హాయిగా నల్లబడింది. సంతోషంగా ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దగా చేసి చూశాను. ఆకాశం సరే, గుట్ట మాత్రం ఇంకా చిన్నబోయినట్టే ఉంది. దీనికి కారణం దొరకడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. హాఫ్ డోమ్ లోయ అడుగు నుంచి 1,400 మీటర్లకు పైగా లేస్తుంది, కిందికి దిగబడే అంచుతో, నిలువు గోడలా. ఆ గట్టి వెలుగు నీడలు, ఆ నల్ల ఆకాశం, అన్నీ ఆ నిలువుదనాన్ని చూపడానికి సరిపోయాయి. మన గుట్టలు ఎత్తుతో భయపెట్టేవి కావు. కానీ వయసు చూడండి, హాఫ్ డోమ్ రాయి పుట్టి దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్ళు, మన తెలంగాణ గ్రానైట్ చాలావరకు 250 కోట్ల ఏళ్ళ కిందటిది. అంత కాలం ఎండకూ వానకూ పగిలి, పొరలు ఊడి, అరిగి గుండ్రంగా అయిన బండలు ఇవి. నిలువుదనం చూపే వెలుగులో అరుగుదల కనపడదు. దానికి పొద్దు పొడిచిన కొత్తలో పక్క నుంచి బండను రాసుకుంటూ పోయే ఏటవాలు వెలుగు కావాలి, లేదా సన్నటి మబ్బు కింద పరుచుకునే మెత్తటి వెలుగు కావాలి. అలా తీసిన రోజున ఆకాశం ఫ్రేములో సగం కూడా లేదు, నల్లగా అసలే లేదు. ఆడమ్స్‌కు దగ్గరగా వచ్చిన నా మొదటి ఫోటో అదే అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఆయన తనను తాను వేసుకున్న ప్రశ్నను (ఈ బండ ముందు నాకేం అనిపిస్తోంది, అది ప్రింటులో ఎలా రావాలి) నేను మొదటిసారి వేసుకున్నది ఆ రోజే.

వెలుగు గురించి ఇంకొక సంగతి ఉంది, దీన్ని ఎక్కువ మంది పట్టించుకోరు. గోల్డెన్ అవర్ గురించి, అంటే పొద్దు పొడిచాక, పొద్దు గుంకే ముందు ఉండే బంగారు వెలుగు గురించి, మనం చూసే పాఠాలు చాలావరకు యూరప్, అమెరికా వాళ్ళు చెప్పినవి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, యోసెమిటీ 38 దగ్గర, జపాన్‌లోని హొక్కైడో 43 దగ్గర. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి పొద్దు నిలువుగా దిగుతుంది, ఉత్తరానికి పోయే కొద్దీ ఏటవాలుగా జారుతుంది. మార్చి, సెప్టెంబర్ నెలల్లో లెక్క వేసి చూస్తే, ఆకాశంలో ఆఖరి ఆరు డిగ్రీలు దిగడానికి పొద్దుకు మన దగ్గర సుమారు 25 నిమిషాలు పడుతుంది, హొక్కైడోలో 33. వేసవిలో మన దగ్గర ఆ 25లో కూడా చివరి కొన్ని నిమిషాలు దుమ్ము పొర మింగేస్తుంది, పొద్దు దిగకముందే మసకబారిపోతుంది. ట్రైపాడ్ వేసి, ఫిల్టర్ బిగించి, ఫ్రేమ్ సరి చూసుకునే లోపు అయిపోతుంది. అందుకే ఫ్రేమ్‌ను మధ్యాహ్నమే వెళ్ళి నిర్ణయించుకుని, ట్రైపాడ్ కాళ్ళు ఎక్కడ పెట్టాలో రాళ్ళతో గుర్తు పెట్టుకుని, సాయంత్రం తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ మరికొందరు కలిసి 1932లో ఎఫ్/64 అనే బృందం పెట్టుకున్నారు. పెద్ద ఫార్మాట్ కెమెరాల్లో చాలా చిన్న అపెర్చర్ అది (అపెర్చర్ అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ముందున్న గడ్డిపోచ నుంచి వెనకున్న కొండ దాకా అన్నీ స్పష్టంగా రావాలన్నది వాళ్ళ పట్టు. ఈ సంగతి చదివి నేను నా సెకండ్ హ్యాండ్ కెమెరాతో వచ్చిన మామూలు కిట్ లెన్స్‌ను ఎఫ్/22కి తిప్పాను, ఫోటో మొత్తం కొంచెం మొద్దుబారింది. చిన్న సెన్సర్ మీద అంత చిన్న రంధ్రం గుండా వెళ్ళే కాంతి వంగి పరుచుకుంటుంది, స్పష్టత పోతుంది. అదే లెన్స్ 18 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/8 పెట్టి, రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే ఒక మీటరు నుంచి అనంతం దాకా అన్నీ పదునుగా వస్తాయి. అంకె కాపీ కొడితే వాళ్ళ ఆలోచనకు సరిగ్గా వ్యతిరేకమైన ఫలితం వచ్చింది, అంకె వదిలేస్తే ఆలోచన దక్కింది. ఫిల్మ్ మీద ఎక్స్‌పోజర్‌ను (లోపలికి వదిలే కాంతిని) నీడలకు సరిపెట్టుకో అన్న ఆడమ్స్ సూత్రం కూడా ఇలాంటిదే, డిజిటల్‌లో ముందు కాపాడుకోవాల్సింది వెలుతురు భాగాలను, ఒకసారి తెల్లగా పేలిపోతే వాటిని వెనక్కి తేలేం.

ప్రీసెట్లు (ఒక్క నొక్కుతో ఫోటోకు ఒక శైలి వేసే రెడీమేడ్ సెట్టింగులు) కొనే మిత్రులకు ఆడమ్స్ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన పియానో కళాకారుడు కావాలనుకున్నాడు. నెగటివ్‌ను రాసిపెట్టిన స్వరాలతో, ప్రింటును కచేరీతో పోల్చేవాడు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రుడు లేస్తుండగా తీసిన ఫోటో ఆయన పనుల్లో బాగా పేరున్నది. లైట్ మీటర్ ఎక్కడుందో దొరక్క, చంద్రుడి కాంతి ఎంతో గుర్తు ఉంది కాబట్టి దాన్ని బట్టి ఎక్స్‌పోజర్ లెక్క కట్టి తీశాడు. అదే నెగటివ్‌ను దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ ప్రింటు చేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బు చారికలతో ఉంటుంది, 1970ల నాటికి దాదాపు నల్లగా మారిపోయింది. ఒకే మనిషి, ఒకే నెగటివ్, మారిపోయిన మనసు. ఆడమ్స్ స్టైల్ ప్రీసెట్ అని అమ్ముతున్నప్పుడు నాకు వచ్చే ప్రశ్న ఏ ఏడాది ఆడమ్స్ అని.

ఇక మైకేల్ కెన్నా. నన్ను ఎక్కువ కదిలించింది, ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఈయనే. 1953లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, చదరపు ఫ్రేమ్, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, నిమిషాలు, ఒక్కోసారి గంటలు పట్టే ఎక్స్‌పోజర్లు. హొక్కైడో మంచులో ఒంటరి చెట్టు, నీళ్ళలో వరుసగా నాలుగు గుంజలు, అంతే, మిగతాదంతా నిశ్శబ్దం. నర్సంపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువు నాకు వెంటనే గుర్తొచ్చింది. నీళ్ళలో సగం మునిగిన తుమ్మ మొద్దులు, అవతలి ఒడ్డున తాటిచెట్ల వరుస, డిసెంబర్ పొద్దున మంచు. పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కొన్నాను, లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం, ఒక్కో స్టాపు కాంతిని సగానికి తగ్గిస్తుంది. పది స్టాపులంటే కాంతి సుమారు వెయ్యో వంతుకు తగ్గుతుంది, అంటే ఫిల్టర్ లేకుండా సెకనులో నాలుగో వంతు చాలనుకుంటే, ఫిల్టర్‌తో నాలుగు నిమిషాలకు పైగా షట్టర్ తెరిచి ఉంచాలి. ఆ నాలుగు నిమిషాల్లో అలలన్నీ కలిసిపోయి నీళ్ళు పాలలా మారతాయి.

ఫోటో చాలా బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కట్ట మీద కూర్చుని స్క్రీన్ చూస్తుంటే, అప్పటిదాకా నీళ్ళలో అటూ ఇటూ తిరుగుతూ వల తీస్తున్న ముసలాయన ఒడ్డుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి ఆ ఊర్లో చూసిన మనిషే.

"ఏం దీస్తున్నవ్ బిడ్డా, సూపెట్టు" అన్నాడు. చూపించాను.

"గివి నీళ్ళా, పాలా?" అన్నాడు. కాసేపు ఆగి, "మరి నేనేడున్న ఇండ్ల?" అన్నాడు.

ఆయన లేడు. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. ఒక్కో చోట రెండు సెకన్లు నిలబడి కదిలిపోయే మనిషి ఆ చోట పడే వెలుగులో ఒక శాతం కూడా తన గుర్తు వదలడు. కెమెరా ఏ తప్పూ చేయలేదు, లెక్క ప్రకారమే చేసింది. "నువ్వు కదిలినవ్ తాతా, అందుకే పడలేదు" అన్నాను. "కదలకుంటే శాపలెట్ల వడ్తయ్" అన్నాడు, మామూలుగానే, కోపం లేకుండా.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కెన్నా పద్ధతిలో నిశ్శబ్దం ఎలా పుడుతుందో నాకు అప్పుడు అర్థమైంది. కదిలేదాన్నంతా చెరిపేస్తే మిగిలేది ఆయన నిశ్శబ్దం. తెల్లవారుజామున మంచు మైదానంలో కదిలేది గాలి, మబ్బులు, అలలు కాబట్టి చెరిపినా పోయేది ఏమీ లేదు. మా ఊరి చెరువులో కదిలేది మనిషి. అదే పద్ధతి ఇక్కడ వేరే పని చేసింది.

ఇక్కడ నాకు ఇంకా పెద్ద చిక్కు కనిపించింది. ల్యాండ్‌స్కేప్ అంటే మనుషులు లేని చోటు అని నేను ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాను? యోసెమిటీ సంగతే తీసుకోండి, 1851లో మరిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆ లోయలోకి వెళ్ళి అక్కడి అవానీచీ ప్రజలను తరిమింది. కొందరు తిరిగొచ్చి తర్వాత కూడా చాలా ఏళ్ళు అక్కడ బతికారు. ఆడమ్స్ తీసిన మహా దృశ్యాల్లో వాళ్ళు కనిపించరు. ఆయనకు మనుషుల పట్టింపు లేదని నేను అనడం లేదు, 1943లో జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన మంజనార్ శిబిరానికి వెళ్ళి వాళ్ళను ఫోటోలు తీసిన మనిషి ఆయన. కానీ ఖాళీ లోయ అనేది కెమెరా ముందు ఊరికే దొరికిన నిజం కాదు, అందులో చరిత్ర ఉంది, ఎంపిక ఉంది. మన దగ్గర ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. రామప్ప చెరువు, పాకాల, లక్నవరం, ఇవన్నీ కాకతీయుల కాలంలో మనుషులు కట్టలు పోసి నిలిపిన నీళ్ళు. కట్ట, తూము, మత్తడి, కింద ఆయకట్టు, పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసింది కూడా ఇలాంటి వేల చెరువుల్లోనే. లక్నవరం వేలాడే వంతెన మీద నిలబడి పచ్చటి దీవుల వైపు కెమెరా తిప్పి మనం ప్రకృతి అని రాసే ఫోటోలో కూడా ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి మట్టి తట్టలు ఉన్నాయి. దాన్ని ఎవరూ ముట్టని అడవిలా చూపిస్తే ఫోటో అందంగానే ఉండొచ్చు, చెరువు గురించి మాత్రం అబద్ధం చెబుతుంది.

రఘుబీర్ సింగ్ (1942–1999) నాకు ఇక్కడ దారి చూపించాడు. ఈయన జైపూర్‌లో పుట్టాడు, ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియె బ్రెసాన్ పని చూసి ప్రేరణ పొందాడు, కానీ ఆయన బ్లాక్ అండ్ వైట్‌ను తీసుకోలేదు, రంగుల్లోకి వెళ్ళాడు. భారతదేశాన్ని రంగు లేకుండా చూడలేమన్నది ఆయన నమ్మకం. గంగ ఒడ్డున ఆయన తీసిన ఫోటోల్లో నది ఎంత ఉంటుందో మనుషులూ అంతే ఉంటారు, ఎవరూ ఎవరికీ బ్యాక్‌గ్రౌండ్ కాదు. మన వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ తెలంగాణ పల్లె ఇళ్ళనూ బతుకమ్మనూ దశాబ్దాల పాటు తీస్తూ పోయారు. ఆయనను ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ అని ఎవరూ అనరు, కానీ ఈ నేల ముఖం ఎలా ఉంటుందో నేను నేర్చుకున్నది ఆ ఫోటోల్లోనే. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి కల్లాల ఎరుపును బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూశాను. తడి మట్టికీ ఎండు మిర్చికీ తేడా లేకుండా పోయింది.

అందంగా లేనివాటిని ఏం చేయాలన్నదానికి కూడా ఒక దారి ఉంది. 1975లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో న్యూ టోపోగ్రాఫిక్స్ అని ఒక ప్రదర్శన జరిగింది. అందులో రాబర్ట్ ఆడమ్స్ (ఆన్సెల్‌కు చుట్టం కాదు) లాంటివాళ్ళు కొత్తగా లేస్తున్న ఇళ్ళ వరుసలను, రోడ్లను, పార్కింగ్ స్థలాలను కోపం చూపకుండా, అలంకరించకుండా తీశారు. అది చూశాకే హనుమకొండ శివార్లలో పత్తి చేల మధ్య పాతిన వెంచర్ల హద్దురాళ్ళు, సగం కోసిన గ్రానైట్ గుట్టలు, 2024 చివర్లో పూడిక తీయడానికి ఖాళీ చేసిన భద్రకాళి చెరువు నెర్రెలు, ఇవన్నీ ల్యాండ్‌స్కేపే అని ధైర్యం వచ్చింది. అప్పటిదాకా వాటిని ఫ్రేములో పడకుండా తప్పించడమే నైపుణ్యం అనుకునేదాకా వెళ్ళాను.

మరి ఇదంతా తెలిశాక కాపీ కొట్టడం మానేయాలా అని మా జూనియర్లు అడుగుతుంటారు. నేనైతే మానొద్దంటాను. కాపీ కొట్టండి, కానీ మీ దగ్గర అది ఎక్కడ తెగిపోతుందో రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఒక్కో ఫోటోగ్రాఫర్‌కు ఒక పేజీ ఉంది, అందులో వాళ్ళ ఫోటో ఎంత గొప్పదో రాయను, వాళ్ళు నిలబడ్డ చోట గాలి ఎలాంటిది, పొద్దు ఎటు నుంచి, ఏం సామాను, ఏం వదిలేశారు అని రాస్తాను, ఎదురుగా నా చోట అవి ఎలా ఉన్నాయో రాస్తాను. తెగిన చోటే నాకు పని మొదలవుతుంది. ఎవరి నుంచి తీసుకున్నామో చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. బిల్ బ్రాండ్ట్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ 1937లో ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ అనే ఊర్లో రాళ్ళు పరిచిన ఒక ఏటవాలు సందును ఫోటో తీశాడు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1986లో, కెన్నా వెతుక్కుంటూ వెళ్ళి అదే సందును తీసి, ఫోటోకు 'బిల్ బ్రాండ్ట్ సందు' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

ఈ జనవరిలో మళ్ళీ అమ్మమ్మ ఊరికి వెళ్ళాను. ఈసారి కెన్నా ఎంతసేపు తెరుస్తాడు అని లెక్క పెట్టకుండా, కట్ట మీద కూర్చుని ముసలాయన పనిని ఒక గంట చూశాను. వల లాగుతాడు, నడుస్తాడు, నీళ్ళలో చేతులు పెట్టి వెతుకుతాడు. మధ్యలో ఒక్కసారి, వల విసిరే ముందు, తాడు చేతికి చుట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ రెండు మూడు సెకన్లు బిగుసుకుని నిలబడతాడు. ప్రతిసారీ. పది స్టాపుల ఫిల్టర్ తీసేసి ఆరు స్టాపులది పెట్టాను, రెండు సెకన్లకు సరిపోయింది. పదహారు ఫ్రేములు పోయాయి, పదిహేడోది దొరికింది. నీళ్ళు పూర్తిగా పాలు కాలేదు, పల్చగా, సాగినట్టు ఉన్నాయి, వాటి మధ్య ఆయన మోకాళ్ళ లోతున కదలకుండా ఉన్నాడు, చేతికి చుట్టిన తాడు పోగు పోగూ కనిపిస్తోంది.

నర్సంపేటలో ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఆఁ, ఇండ్ల ఉన్న" అన్నాడు. ప్రాజెక్టులో ఆ ఫోటో కింద పేరు ఇలా రాశాను: కెన్నా నీళ్ళు, తాత వల.